గంగరావికీ బెండకీ చుట్టరికం

ఈ వ్యాసం చదవడానికి ముందు ఒక కాగితమూ పెన్సిలూ తీసుకోండి. ఈ ప్రశ్నకు మీకు తోచిన జవాబు రాసి పక్కన పెట్టండి: "చెట్లకూ, పూలకూ గల భేదాలు ఏవి?"

మీలో చాలామంది కాగితం మధ్యగా ఒక నిలువు గీత గీసి ఉంటారు. ఎడమవైపు "చెట్టు పెద్దది, గట్టిది, చాలా ఏళ్ళు బతుకుతుంది" అనీ, కుడివైపు "పువ్వు చిన్నది, మెత్తనిది, త్వరగా వాడిపోతుంది" అనీ రాసి ఉంటారు. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. అయినా ఏదో వెలితి ఉంది. "మనిషికీ, కంటికీ గల భేదాలు ఏవి?" అని ఎవరైనా అడిగితే మీరేమంటారు? "కన్ను మనిషిలో ఒక భాగం కదండీ, రెంటినీ ఎలా పోలుస్తాం?" అంటారు. పువ్వు కూడా అంతే. అది మొక్కలో ఒక అవయవం. చెట్టు మొక్క మొత్తం.

అయితే ఈ ప్రశ్నను ఇక్కడితో కొట్టిపారేయకండి. దీని వెనక ఇంకో మంచి ప్రశ్న దాగి ఉంది. ఒక మొక్క ఏ కుటుంబానిదో తెలుసుకోవాలంటే దాని ఆకారాన్ని చూడాలా, పువ్వును చూడాలా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు వెతకడానికి పండితులకు రెండు వేల ఏళ్ళు పట్టింది. మీకు మాత్రం మూడు పూలు, ఒక గంట సమయం చాలు.

చెట్టు అంటే ఏమిటి?

మన వాడుకలో "చెట్టు" అనే మాటకు హద్దు లేదు. మామిడి చెట్టు, చింత చెట్టు అన్నట్టే మిరప చెట్టు, వంగ చెట్టు, మల్లె చెట్టు అని కూడా అంటాం. వాడుకకు అది చాలు. వృక్షశాస్త్రంలో మాత్రం కొంచెం కచ్చితంగా మాట్లాడుకోవాలి. మెత్తని కాండం ఉండి, కొద్దికాలమే బతికేవి గుల్మాలు. నేల దగ్గర నుంచే అనేక కొమ్మలు వేసే, కర్ర కట్టిన మొక్కలు పొదలు. ఒకే మానుతో పైకి లేచి, కొన్ని మీటర్లు ఎదిగి, ఏళ్ళ తరబడి బతికేవి చెట్లు.

చెట్టును చెట్టుగా నిలబెట్టేది కర్ర. లేత కాండంలో దారువు, పోషక కణజాలం అని రెండు రకాల గొట్టాలుంటాయి. దారువు వేళ్ళు పీల్చిన నీటిని పైకి తీసుకుపోతుంది. పోషక కణజాలం ఆకుల్లో తయారైన ఆహారాన్ని అన్ని భాగాలకూ చేరవేస్తుంది. ఈ రెంటికీ నడుమ కేంబియం అనే పలుచని పొర ఉంటుంది. అందులోని కణాలు విభజన చెందుతూ లోపలి వైపు కొత్త దారువునూ, బయటి వైపు కొత్త పోషక కణజాలాన్నీ చేరుస్తూ ఉంటాయి. దారువు కణాల గోడల్లో లిగ్నిన్ అనే పదార్థం చేరి వాటిని గట్టిపరుస్తుంది. ఇలా ఏటేటా పొర మీద పొర చేరి మాను లావెక్కుతుంది.

మీ ఊరి వడ్రంగిని అడిగి చూడండి. దుంగ మధ్యలో రంగు ముదిరి గట్టిగా ఉన్న భాగాన్ని ఆయన "చేవ" అంటాడు. అది నీటిని మోయడం మానేసిన పాత దారువు. టేకు దుంగను అడ్డంగా కోస్తే వలయాలు స్పష్టంగా కనిపిస్తాయి. వాటిని లెక్కబెట్టి ఆ చెట్టు వయసు చెప్పవచ్చు.

ఇప్పుడు అరటిని చూడండి. మూడు నాలుగు మీటర్ల ఎత్తు ఉంటుంది. కాని మనం "బోదె" అనుకునేదాన్ని ఒలుస్తూ పోతే పొర కింద పొర వస్తుందే గాని కర్ర తగలదు. అవన్నీ ఒకదానినొకటి చుట్టుకున్న ఆకుల అడుగు భాగాలు. అసలు కాండం నేలలో ఉన్న దుంప. గెల వేసే కాలంలో ఆ దుంప నుంచి పూకాడ బోదె మధ్యగా పైకి వస్తుంది. ఒక్కసారి గెల వేశాక ఆ బోదె చచ్చిపోతుంది, పిలకలు మిగులుతాయి. అంటే అరటి ఒక పెద్ద గుల్మం.

కొబ్బరికి గట్టి మాను ఉంది గాని, కేంబియం లేదు. అందుకే కొబ్బరి మాను మామిడిలా ఏటేటా లావెక్కదు, దానిలో వలయాలూ కనిపించవు. వెదురు ఇంకా వింతైనది. అది గడ్డి కుటుంబానికి చెందింది. మనం అన్నం తినే వరికి దగ్గర చుట్టం.

చూశారా! ఎత్తు ఒకటే చూస్తే అరటి, కొబ్బరి, వెదురు, టేకు అన్నీ ఒక జట్టులో చేరిపోతాయి. లోపలికి తొంగి చూస్తే నాలుగూ నాలుగు దారులు. చెట్టు అనేది ఒక కుటుంబం పేరు కాదు, ఒక బతుకు తీరు. పొరుగు మొక్కల నీడ నుంచి తప్పించుకుని ఎండలోకి తల ఎత్తడానికి ఎన్నో కుటుంబాల మొక్కలు ఎవరికి వారు ఆ తీరును అలవరచుకున్నాయి.

పువ్వు అంటే ఏమిటి?

పువ్వు పని ఒక్కటే: విత్తనాన్ని తయారు చేయడం. మామూలు పువ్వులో నాలుగు వరసలుంటాయి. బయట మొగ్గను కాపాడే రక్షక పత్రాలు. వాటి లోపల రంగుతో కీటకాలను పిలిచే ఆకర్షణ పత్రాలు. ఆ లోపల పుప్పొడినిచ్చే కేసరాలు. నట్టనడుమ అండకోశం. అండకోశం అడుగున ఉబ్బెత్తుగా ఉండే అండాశయమే తరువాత కాయ అవుతుంది, దానిలోని అండాలు గింజలవుతాయి.

అన్ని పూలూ రంగురంగులుగా ఉండవు. వరి పువ్వుకు ఆకర్షణ పత్రాల ఆడంబరం లేదు. అది మనం పొట్టు అనే రెండు దొప్పల మధ్య పూస్తుంది. ఆ దొప్పలు పొద్దున పూట కాసేపు విచ్చుకున్నప్పుడు ఆరు కేసరాలు బయటికి వేలాడతాయి. వరి చేలో నిలబడి "ఇక్కడ పూలు లేవు" అనుకున్నవాడు వేలాది పూల మధ్య నిలబడి ఉంటాడు!

కొన్నిచోట్ల మనం పువ్వు అనుకునేది పువ్వు కాదు. కాగితపు పూల తీగకు గులాబీ రంగులో కనిపించేవి నిజానికి రంగు పట్టిన ఆకులు. వాటి మధ్య సన్నని గొట్టాల్లా ఉండే మూడూ అసలు పూలు. పొద్దుతిరుగుడు "పువ్వు" వందలాది చిన్న పూలు చేరిన గుంపు. అందుకే దానిలో అన్ని గింజలుంటాయి.

మూడు పూలు, ఒకే పోలిక

ఇప్పుడు మన ప్రయోగం. పెరట్లోని బెండ మొక్క నుంచి ఒక పువ్వు, మందారం ఒకటి, రోడ్డు పక్కనో చెరువు గట్టునో ఉండే గంగరావి చెట్టు పువ్వు ఒకటి తెచ్చుకోండి. ఇంకొకరి పెరడైతే అడిగి కోయండి. గంగరావి పూలు చెట్టు కింద రాలి ఉంటాయి, కోయనక్కరలేదు.

ఈ మూడు మొక్కలనూ తలచుకోండి. బెండ గుల్మం. విత్తిన కొన్ని నెలలకే కాపు ముగిసి ఎండిపోతుంది. మందారం పొద. గంగరావి పదిమందికి నీడనిచ్చే చెట్టు. దాని ఆకు రావి ఆకులా ఉంటుంది, పేరులో రావి కూడా ఉంది. ఆకారం చూసి చెప్పమంటే ఎవరైనా గంగరావిని తీసుకుపోయి రావి పక్కన నిలబెడతారు.

ఇప్పుడు పూలు విప్పండి. మూడింటికీ ఐదేసి ఆకర్షణ పత్రాలు. మొగ్గలో అవి ఒకదాని అంచు మీద ఒకటి పడి మెలి తిరిగి ఉంటాయి. వాటిని మెల్లగా తీసేయండి. మధ్యలో ఒక గొట్టం మిగులుతుంది. మామూలు పువ్వులో కేసరాలు విడివిడిగా ఉంటాయి కదా! ఇక్కడ అలా కాదు. కేసరాల కాడలన్నీ కలిసిపోయి గొట్టంగా ఏర్పడ్డాయి. ఆ గొట్టం లోపలి నుంచి అండకోశపు కాడ, అంటే కీలం, పైకి వస్తుంది. బెండలోనూ అదే గొట్టం, మందారంలోనూ అదే, గంగరావిలోనూ అదే. బెండ పువ్వునూ, గంగరావి పువ్వునూ పక్కపక్కన పెడితే అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. రెండూ పసుపు రంగువే. రెంటికీ లోపల అడుగున ముదురు రంగు మచ్చ ఉంటుంది. వీలైతే పత్తి పువ్వును కూడా తెచ్చి చూడండి. అక్కడా అదే గొట్టం!

ఒంటి తీరులో మూడూ వేరు, పువ్వులో మూడూ ఒకటి. ఇక రావి సంగతి చూస్తే, గంగరావికీ దానికీ ఆకు పోలిక తప్ప చుట్టరికం లేదు.

పెద్దలు పడ్డ తికమక

క్రీస్తుకు పూర్వం సుమారు 300 ప్రాంతంలో గ్రీసు దేశంలో థియోఫ్రాస్టస్ అనే పండితుడు ఉండేవాడు. ఆయన మొక్కలను చెట్లు, పొదలు, చిరుపొదలు, గుల్మాలు అని నాలుగు తరగతులుగా చేశాడు. కంటికి కనిపించే తేడాను పట్టుకున్న ఆ పద్ధతిలో గంగరావి ఒక గదిలోకీ, బెండ ఇంకో గదిలోకీ పోతాయి. వందల ఏళ్ళ పాటు పండితులు చెట్లనూ, గుల్మాలనూ ఇలా విడదీస్తూనే వచ్చారు.

1753లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ "స్పీషీస్ ప్లాంటారమ్" అనే గ్రంథం వెలువరించాడు. ఆయన మొక్క ఎత్తును పక్కన పెట్టి, పువ్వులోని కేసరాలను లెక్కపెట్టాడు. కేసరాలు కలిసి ఒకే కట్టగా ఉన్న మొక్కలకు ప్రత్యేకంగా ఒక తరగతి ఏర్పరిచాడు. దానికి ఆయన పెట్టిన పేరుకు "ఒకే అన్నదమ్ముల గుంపు" అనే అర్థం వస్తుంది. ఆ గ్రంథంలో మందారం, బెండ, గంగరావి మూడూ హైబిస్కస్ అనే ఒకే ప్రజాతిలో ఉన్నాయి! తరువాతి వారు బెండనూ, గంగరావినీ వేరు ప్రజాతులుగా విడదీశారు. కుటుంబం మాత్రం ఒకటే.

లిన్నేయస్ పద్ధతిలోనూ లోపం ఉంది. ఆయన కేసరాల సంఖ్యకు మరీ ఎక్కువ విలువ ఇచ్చాడు. వరికి ఆరు కేసరాలు, ఉల్లికి కూడా ఆరే. గోధుమకు మూడు. అందువల్ల వరి ఉల్లితో కలిసి ఒక తరగతిలో పడింది, తన సొంత చుట్టమైన గోధుమకు దూరమైంది. ఒక్క గుర్తునే నమ్ముకుంటే ఇలాగే జరుగుతుంది. అందుకే 1789లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జుస్యూ, ఆయన తరువాతివారు అనేక గుర్తులను కలిపి చూడడం మొదలుపెట్టారు.

అంతటితో తికమక తీరిందనుకుంటున్నారా? ఇరవయ్యో శతాబ్దంలో జాన్ హచిన్సన్ అనే పేరుమోసిన ఆంగ్ల వృక్షశాస్త్రజ్ఞుడు ఉండేవాడు. 1959లో వచ్చిన తన గ్రంథం రెండవ కూర్పులో ఆయన ద్విదళబీజ మొక్కలను రెండు పెద్ద శాఖలుగా చీల్చాడు. కర్ర కట్టేవాటి వంశం ఒకటి, గుల్మాల వంశం ఒకటి. దాంతో టేకు ఒక శాఖకూ, తులసి ఇంకో శాఖకూ పోయాయి. పైకి చూస్తే అది సబబుగానే తోస్తుంది. ముప్ఫై మీటర్ల టేకు ఎక్కడ, కోటలోని తులసి ఎక్కడ?

తరువాత పూలు, కాయలు మళ్ళీ జాగ్రత్తగా పరిశీలించారు. కణాల్లోని డి.ఎన్.ఎ.ను కూడా పోల్చి చూశారు. దాంతో హచిన్సన్ గీసిన గీత నిలవలేదు. ఇప్పుడు టేకును తులసి కుటుంబంలోనే చేరుస్తున్నారు. మీకు లేత టేకు కొమ్మ దొరికితే వేళ్ళ మధ్య పెట్టి తిప్పి చూడండి. తులసి కాడను కూడా అలాగే చూడండి. రెండూ నాలుగు పలకలుగా ఉంటాయి. రెంటికీ ఆకులు జంటలు జంటలుగా, ఎదురెదురుగా పుడతాయి.

ఒంటి తీరు అంత సులువుగా ఎందుకు మారుతుంది? పసిఫిక్ మహాసముద్రంలోని గలాపగోస్ దీవులను చూడండి. అక్కడ స్కలీషియా అనే మొక్కలున్నాయి. అవి పొద్దుతిరుగుడు కుటుంబానివి. పోటీ పడే పెద్ద చెట్లు అంతగా లేని ఆ దీవుల్లో వాటిలో కొన్ని పదిహేను మీటర్ల చెట్లుగా ఎదిగి అడవులు కట్టాయి. ఎండ, నేల, పొరుగు మారితే మొక్క ఎత్తు మారుతుంది. పువ్వు సంగతి అలా కాదు. దానిలోని భాగాలన్నీ ఒకదానికొకటి అమరి పని చేయాలి. అందుకే దాని కట్టుబడి తొందరగా మారదు, పాత చుట్టరికాన్ని దాచి ఉంచుతుంది.

పూయని చెట్లు, కనిపించని పూలు

అన్ని చెట్లూ పూస్తాయా? పూయవు. హిమాలయాల్లోని దేవదారు, పైన్ చెట్లకు పూలుండవు, వాటి గింజలు శంకువుల్లో ఏర్పడతాయి. మన శేషాచలం కొండల్లో సైకస్ జాతి మొక్క ఒకటి ఉంది. చూడటానికి చిన్న ఈత చెట్టులా ఉంటుంది. దానికీ పూలు లేవు. అసలు భూమి మీద చెట్లు పుట్టి 38 కోట్ల ఏళ్ళయింది. మనకు దొరికిన తిరుగులేని పూల శిలాజాలు సుమారు 13 కోట్ల ఏళ్ళ నాటివి. అంటే పువ్వు కంటే చెట్టు చాలా పెద్దది, వయసులో కూడా!

మరి మర్రి, రావి, మేడి? "పూయకుండానే కాస్తాయి" అంటారు కొందరు. అది పొరపాటు. మేడికాయ అనేది వందలాది చిన్న పూలను లోపల దాచుకున్న ఒక సంచి. దాని కొనన ఉన్న సన్నని రంధ్రంలోంచి కందిరీగల జాతికి చెందిన చిట్టి కీటకాలు లోపలికి దూరి, పుప్పొడిని చేరవేస్తాయి. మేడిపండు విప్పినప్పుడు కనిపించే పురుగులను చూసి ముఖం చిట్లిస్తాం గాని, ఆ కీటకాలు లేకపోతే మేడికి గింజ లేదు. అనంతపురం సీమలో కదిరి దగ్గర ఐదెకరాలకు పైగా పరుచుకున్న తిమ్మమ్మ మర్రిమాను ఉంది కదా! అంతటి మాను కూడా విత్తనం కోసం చీమంత కీటకం మీద ఆధారపడవలసిందే.

చెట్టు నిలబడితే చాలదు

ఒక నిజమైన కథ వినండి. ఆయిల్ పామ్ పశ్చిమ ఆఫ్రికా చెట్టు. ఏలూరు, ఖమ్మం ప్రాంతాల వాళ్ళు దీని తోటలు చూసే ఉంటారు. దీనికి మగ పూల గుత్తులు వేరు, ఆడ పూల గుత్తులు వేరు. మలేషియాలో ఈ చెట్లను విస్తారంగా నాటారు. చెట్లు చక్కగా ఎదిగాయి, పూలూ పూశాయి, కాని కాయలు సరిగా పట్టలేదు. దాంతో పుప్పొడిని కూలీలు చేత్తో చల్లవలసి వచ్చేది. చెట్టు సముద్రం దాటి వచ్చింది గాని, దాని పూల నేస్తం ఆఫ్రికాలోనే ఉండిపోయింది. అది బియ్యపు గింజంత కూడా లేని ఒక ముక్కు పురుగు. 1981లో దాన్ని కామెరూన్ దేశం నుంచి మలేషియాకు తెచ్చి తోటల్లో వదిలారు. ఆ తరువాత చేత్తో పుప్పొడి చల్లే అవసరం తీరిపోయింది.

దీన్ని బట్టి ఏం తెలుస్తోంది? మాను, కొమ్మ, ఆకు ఆ ఒక్క మొక్కను బతికిస్తాయి. పువ్వు దాని వంశాన్ని బతికిస్తుంది. మనం చెట్లు నాటుతాం, కంచె కడతాం, నీళ్ళు పోస్తాం. మంచిదే. కాని పూత మీద ఉన్న చెట్టుకు విచక్షణ లేకుండా పురుగుల మందు కొడితే తేనెటీగలు చస్తాయి. అప్పుడు చెట్టు నిలబడే ఉంటుంది గాని, కాయ పట్టదు.

ఇప్పుడు మీరు రాసిన కాగితం తీయండి. దాన్ని చింపేయకండి. నిలువు గీతను మాత్రం కొట్టివేసి, కింద ఈ రెండు వాక్యాలు చేర్చండి. చెట్టు మొక్క బతికే తీరును చెబుతుంది. పువ్వు మొక్క చుట్టాలెవరో చెబుతుంది.

మీరే చేసి చూడండి

1. కంది, వేరుశనగ, చింత, తంగేడు మొక్కల కాయలను పక్కపక్కన పెట్టి, నిలువునా చీల్చి చూడండి. గింజలు ఎటువైపు అంటుకుని ఉన్నాయి? వీటిలో గుల్మాలేవి, పొదలేవి, చెట్టు ఏది?

2. వంగ, టమాటా, ఉమ్మెత్త పూలను పోల్చి బొమ్మలు గీయండి. ఉమ్మెత్త విషపు మొక్క. నోటి దగ్గరికి రానీయకండి, ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి. వీటి కాయల తొడిమల దగ్గర ఏ పోలిక కనిపిస్తోంది?

3. మీ బడి ఆవరణలో ఉన్న ఒక చెట్టును ఎంచుకోండి. అది ఏ నెలలో పూసిందో, దాని పూల మీద ఏ కీటకాలు వాలాయో, ఎన్నాళ్ళకు కాయ పట్టిందో ఒక ఏడాది పాటు నోటు పుస్తకంలో రాస్తూ రండి. ఏడాది తిరిగేసరికి ఆ చెట్టు గురించి మీ ఊళ్ళో మీకంటే ఎక్కువ తెలిసినవారు ఉండరు.